తాళం వేసింది ఎవరు?

2011 జూలై 1న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వెబ్‌సైటు తెరిచినవారికి అందులో ఆటగాళ్లు కనిపించలేదు. ముందురోజు దాకా ప్రతి పేజీలోనూ ఉన్న ఫొటోలు, వీడియోలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. జట్ల సైట్లలోనూ అంతే. లోగోలు, మస్కట్‌లు, నృత్య బృందాలు మిగిలాయి తప్ప ఆడేవాళ్ల ముఖాలు లేవు. జూన్ 30 అర్ధరాత్రితో ఆటగాళ్లకూ యజమానులకూ మధ్య ఉన్న ఒప్పందం గడువు తీరింది. ఆ మరుక్షణం నుంచి లాకౌట్ అమల్లోకి వచ్చింది. జిమ్ తలుపులు మూతపడ్డాయి, కోచ్‌లు తమ జట్టు ఆటగాళ్లతో ఫోనులో కూడా మాట్లాడకూడదని ఆదేశాలు వెళ్లాయి, గాయం నుంచి కోలుకుంటున్నవాడు జట్టు వైద్యుణ్ణి కలిసే వీలు కూడా లేకుండా పోయింది.

అప్పట్లో నేను యజమానుల పక్షాన ఉన్నాను. పక్షం అనడం కూడా పెద్ద మాటే, నిజానికి అది చిరాకు మాత్రమే. ఏడాదికి కోట్ల డాలర్లు తీసుకునేవాళ్లకు ఇంకా ఏం తక్కువైందని ఆట ఆపారు అన్నది నా ప్రశ్న. మిత్రులతో మాట్లాడేటప్పుడు దాన్ని 'ఆటగాళ్ల సమ్మె' అనేవాణ్ణి. అందరం అలాగే అనేవాళ్లం. ఆట ఆగిపోయిన ప్రతిసారీ మన కంటికి కనబడేది ఆటగాడే కాబట్టి, ఆపింది కూడా అతడే అనుకోవడం సహజం. చాలా రోజుల తర్వాత గానీ నా ప్రశ్నలోనే తప్పుందని నాకు తట్టలేదు. సమ్మె చేసేది పనిచేసేవాడు, లాకౌట్ ప్రకటించేది పని ఇచ్చేవాడు. ఎన్‌బీఏ చరిత్రలో 1995, 1996, 1998, 2011 సంవత్సరాల్లో నాలుగు సార్లు లాకౌట్ జరిగింది. వాటిలో 1996 నాటిది కొన్ని గంటల్లోనే ముగిసింది. 1998-99లో ఒక్కో జట్టు 82కు బదులు 50 మ్యాచ్‌లే ఆడింది, 2011-12లో 66 ఆడింది. అంటే రెండు సీజన్లలో కలిపి 700కు పైగా మ్యాచ్‌లు గాలిలో కలిసిపోయాయి. ఆటగాళ్ల సమ్మె కారణంగా రద్దయిన మ్యాచ్ ఒక్కటీ లేదు.

అంతమాత్రాన ఆటగాళ్లు నోట్లో వేలు పెడితే కొరకలేనివారని నేను అనడం లేదు. ఈ కథ మొదలైందే వారి ఎదురుతిరుగుడుతో. 1954లో బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బాబ్ కూసీ ఒక్కో జట్టులోని ఒక్కో పేరున్న ఆటగాడికి ఉత్తరం రాసి సంఘం కట్టడానికి పూనుకున్నాడు. ఫోర్ట్ వేన్ జట్టు నుంచి మాత్రం సానుకూలమైన జవాబు రాలేదు. ఆ జట్టు యజమాని పిస్టన్ల కర్మాగారం నడిపే పారిశ్రామికవేత్త, యూనియన్ అనే మాటంటేనే గిట్టనివాడు. కూసీ కోరికల జాబితాను ఇప్పుడు చదివితే నవ్వు వస్తుంది. మూతపడిన బాల్టిమోర్ జట్టు ఆటగాళ్లకు రావలసిన జీతం బకాయిలు చెల్లించాలి. డబ్బు లేకుండా ఆడించే ప్రదర్శన మ్యాచ్‌ల సంఖ్యకు ఒక హద్దు ఉండాలి. కోర్టులో ఆటగాడు గొణిగినందుకు రిఫరీ విధించే 15 డాలర్ల జరిమానా ఎత్తివేయాలి. ఈపాటి కోరికల మీద కూర్చుని మాట్లాడటానికి కూడా లీగ్ ఒప్పుకొనేసరికి 1957 వచ్చింది.

పదేళ్లు గడిచినా పింఛను మాత్రం మాటలకే పరిమితమైంది. 1964 జనవరి 14 సాయంత్రం బోస్టన్ గార్డెన్‌లో, అన్ని జట్ల మేటి ఆటగాళ్లూ కలిసి ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్ జరగాలి. ఆరోజు మంచు తుపాను కారణంగా కొందరు ఆటగాళ్లు ఆలస్యంగా చేరారు. దేశమంతటా టీవీలో ప్రత్యక్ష ప్రసారం కానున్న మ్యాచ్ అది. లీగ్‌కు అంతటి అవకాశం అరుదుగా దొరికే రోజులవి. ఆట మొదలు కావలసిన సమయం దగ్గరపడుతుండగా ఇరవై మంది ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూమ్‌లోనే కూర్చుండిపోయారు. బిల్ రసెల్, విల్ట్ చాంబర్లిన్, ఆస్కార్ రాబర్ట్‌సన్, జెర్రీ వెస్ట్, ఎల్గిన్ బేలర్ అంతా అందులోనే ఉన్నారు. పింఛను పథకంపై హామీ ఇస్తే తప్ప బయటికి వచ్చేది లేదన్నారు. యూనియన్ అధ్యక్షుడు టామీ హైన్సన్, న్యాయవాది లారీ ఫ్లైషర్ మాట మీద నిలబడ్డారు. లోపల కూడా అందరిదీ ఒకే మాట కాదు. ముందు ఆడి, తర్వాత మాట్లాడుకుందామన్నవారూ ఉన్నారు. అదే సమయంలో లాస్ ఏంజెలిస్ లేకర్స్ యజమాని బాబ్ షార్ట్ నుంచి తన ఆటగాళ్లిద్దరికీ, అంటే బేలర్‌కూ వెస్ట్‌కూ, కబురు వచ్చింది. వెంటనే బయటికి రాకపోతే మీ పని అయిపోయినట్టే అన్నది దాని సారాంశం. బేలర్ తిరిగి పంపిన జవాబు ఇక్కడ రాయదగినది కాదు. చిత్రమేమిటంటే, అప్పటిదాకా ఊగిసలాడుతున్న గదిని ఒక్క తాటి మీదికి తెచ్చింది ఆ బెదిరింపే. చివరికి లీగ్ అధినేత వాల్టర్ కెనెడీ గదిలోకి వచ్చి పింఛనుకు మాట ఇచ్చాడు. మ్యాచ్ కొన్ని నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. టీవీ ముందు కూర్చున్నవారిలో చాలామందికి ఆ ఆలస్యం ఎందుకో తెలిసి ఉండదు.

ఆరోజు ఆటగాళ్లకు అక్కరకొచ్చింది బలం కన్నా సమయం. ప్రసారం మొదలయ్యే ముందున్న ఆ పది పదిహేను నిమిషాలు వారి చేతిలో ఉన్నాయి. యజమానులు ఆ పాఠాన్ని ఆటగాళ్ల కన్నా బాగా ఒంటబట్టించుకున్నారని నాకు అనిపిస్తుంది. తర్వాతి లాకౌట్లన్నీ జూలై 1నే మొదలయ్యాయి, ఒక్క 1996 నాటి గంటల ముచ్చట మాత్రం మరికొన్ని రోజుల తర్వాతిది. జూలైలో ఆట లేదు, టికెట్లు లేవు, యజమానికి పోయేదేమీ లేదు. సీజన్ మధ్యలో, సరిగ్గా ప్లేఆఫ్‌ల ముందు ఆటగాళ్లు సమ్మెకు దిగితే ఎక్కువ నష్టం యజమానిదే. అలాంటి అదను వారికి చిక్కకుండా ముందే తలుపు మూయడమే లాకౌట్‌లోని కిటుకు.

1964 తర్వాత గెలుపు న్యాయస్థానం ద్వారా వచ్చింది. అప్పటి ఒప్పందాల్లోని ఒక నిబంధన వల్ల కాలపరిమితి ముగిసినా ఆటగాడు ఆ జట్టుకే కట్టుబడి ఉండాల్సి వచ్చేది. వేరే జట్టు వాళ్లు పిలిచి ఎక్కువ ఇస్తామన్నా వెళ్లే దారి లేదు. ఇంతలో ఏబీఏ అనే పోటీ లీగ్ పుట్టింది, ఇద్దరు కొనేవాళ్లు ఉండేసరికి జీతాలు పెరిగాయి. రెండు లీగ్‌లు కలిసిపోదామనుకున్నాయి. అలా కలిస్తే మళ్లీ కొనేవాడు ఒక్కడే మిగులుతాడని, 1970లో యూనియన్ అధ్యక్షుడి హోదాలో ఆస్కార్ రాబర్ట్‌సన్ దావా వేశాడు. ఆరేళ్ల పాటు విలీనం ఆగింది. 1976లో రాజీ కుదిరి ఏబీఏ నుంచి నాలుగు జట్లు ఎన్‌బీఏలో చేరాయి, కట్టుబానిస నిబంధన మెల్లగా సడలడం మొదలైంది. రాబర్ట్‌సన్ అప్పటికి రెండేళ్ల ముందే ఆట నుంచి విరమించుకున్నాడు. తాను నాటిన చెట్టు కాయలు అతడి చేతికి అందలేదు. ఏ షరతూ లేకుండా నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ పూర్తిగా రావడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది.

నా దృష్టిలో ఈ మొత్తం కథకు కీలకం 1983 ఒప్పందం. లీగ్ అప్పుడు బాగా చితికిపోయి ఉంది, కొన్ని జట్లు మూతపడే స్థితిలో ఉన్నాయి. ఆటగాళ్లు శాలరీ క్యాప్‌కు, అంటే ఒక జట్టు జీతాల మీద పెట్టే మొత్తానికి పరిమితి ఉండటానికి, ఒప్పుకున్నారు. అందుకు బదులుగా లీగ్ ఆదాయంలో 53 శాతం తమకు దక్కాలన్న హామీ తీసుకున్నారు. 1984-85లో ఆ పరిమితి జట్టుకు 36 లక్షల డాలర్లు. అప్పటి నుంచి గొడవల స్వరూపమే మారిపోయింది. పింఛను ఇవ్వండి, బకాయిలు చెల్లించండి అనే మాటలు పోయి, శాతాల లెక్కలు వచ్చాయి. ఆటగాడు ఒక రకంగా వాటాదారుడయ్యాడు. అయితే ఆ వాటా ఏటేటా వచ్చే రాబడిలోనే ఉంది. టికెట్లు, టీవీ హక్కులు, ప్రకటనలు వంటివి ఆ లెక్కలోకి వస్తాయి. జట్టును ఒక యజమాని మరొకరికి అమ్మినప్పుడు వచ్చే ధరలో మాత్రం ఆటగాడికి పైసా లేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చూస్తే ఆ తర్వాతి తగాదాలన్నీ మరోలా కనిపిస్తాయి.

దీన్ని చెప్పడానికి షికాగో జట్టు తార మైకేల్ జోర్డాన్ కన్నా మంచి ఉదాహరణ లేదు. అతడు ఈ కథలో మూడు సార్లు కనిపిస్తాడు. మొదటిసారి 1995లో. యూనియన్ నాయకత్వం యజమానులతో కుదుర్చుకున్న ఒప్పందం తారలకు నష్టమని, ఆ యూనియన్‌నే రద్దు చేయాలని జోర్డాన్, పాట్రిక్ ఈవింగ్ వంటివారు ఉద్యమం నడిపారు. వారి వెనుక పెద్ద ఏజెంట్లు ఉన్నారు. ఓటింగ్‌లో 226 మంది యూనియన్ ఉండాలన్నారు, 134 మంది వద్దన్నారు. జోర్డాన్ ఓడిపోయాడు, ఆ విడత మ్యాచ్‌లేవీ పోకుండా లాకౌట్ ముగిసింది.

రెండోసారి 1998 శరత్కాలంలో. అంతకు ముందు సీజన్‌లో అతడి ఒక్కడి జీతం 3.3 కోట్ల డాలర్లు, మొత్తం జట్టుకు ఉన్న శాలరీ క్యాప్ 2.69 కోట్లు. సొంత ఆటగాణ్ణి నిలుపుకోవడానికి క్యాప్ దాటవచ్చన్న వెసులుబాటు ఉండటం వల్లే అది సాధ్యమైంది. 1997లో మిన్నెసోటా జట్టు 21 ఏళ్ల కెవిన్ గార్నెట్‌కు ఆరేళ్లకు 12.6 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఆ జట్టును గ్లెన్ టేలర్ అంతకు కొన్నేళ్ల ముందు కొన్నది సుమారు 8.8 కోట్లకు! జట్టు ధర కన్నా ఒక కుర్రాడి ఒప్పందం పెద్దదైపోవడంతో యజమానులు ఉలిక్కిపడ్డారు. జీతాల వాటా 51.8 శాతం దాటితే ఒప్పందాన్ని తిరగదోడే హక్కు వారికి ఉంది, అప్పటికి అది దాదాపు 57 శాతానికి చేరింది. 1998 మార్చిలో 27-2 ఓట్లతో ఆ హక్కును వాడుకుని, జూలై 1న తాళం వేశారు. చర్చలు నలుగుతున్న రోజుల్లో వాషింగ్టన్ జట్టు యజమాని ఏబ్ పోలిన్ తన నష్టాల గురించి మాట్లాడుతుంటే, లాభం చేసుకోలేకపోతే జట్టును అమ్మేయవచ్చు కదా అని జోర్డాన్ ముఖం మీదే అన్నాడు. ఆ మాట ఆటగాళ్లకు నినాదంలా మారింది.

మూడోసారి 2011లో. అప్పటికి జోర్డాన్ షార్లట్ జట్టు యజమాని. ముందటి ఏడాదే 27.5 కోట్ల డాలర్ల విలువ కట్టి కొన్నాడు. ఆటగాళ్ల వాటాను వీలైనంత తగ్గించాలని పట్టుబడుతున్న యజమానుల వర్గంలో అతడు ముందున్నాడని ఆనాటి పత్రికలు రాశాయి. లాకౌట్ కాలంలో ఏ ఆటగాడి గురించీ బయట మాట్లాడకూడదన్న లీగ్ ఆంక్షను మీరి ఒక ఆస్ట్రేలియా పత్రికతో మాట్లాడినందుకు అతడికే లక్ష డాలర్ల జరిమానా పడింది. పదమూడేళ్ల కిందట తాను పోలిన్‌కు ఇచ్చిన సలహాను అతడికి గుర్తు చేసిన ఆటగాళ్లకు, విలేకరులకు లెక్క లేదు. నాకు మాత్రం ఇందులో ద్రోహం కన్నా కుర్చీ మహిమే ఎక్కువగా కనిపిస్తుంది. బల్లకు ఈ పక్కన కూర్చుంటే కనిపించే అంకెలు వేరు, ఆ పక్కన కూర్చుంటే కనిపించేవి వేరు. అతడు ఆ జట్టులోని అధిక వాటాను 2023లో అమ్మినప్పుడు దానికి కట్టిన విలువ 300 కోట్ల డాలర్లు. పదమూడేళ్లలో దాదాపు పదకొండు రెట్లు. ఆ కాలంలో షార్లట్ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు.

యజమానుల నష్టాల సంగతికి ఇక్కడే రావాలి. 2011లో లీగ్ చెప్పిన లెక్క ప్రకారం 30 జట్లలో 22 నష్టాల్లో ఉన్నాయి, ఏడాదికి మొత్తం నష్టం సుమారు 30 కోట్ల డాలర్లు. యూనియన్ ఈ లెక్కను ఒప్పుకోలేదు. అమెరికా పన్నుల విధానంలో జట్టును కొన్నవారు కొన్న ధరలో చాలా భాగాన్ని 15 ఏళ్లలో తరుగుదలగా చూపించుకోవచ్చు. చేతి నుంచి రూపాయి కూడా బయటికి పోకుండానే పద్దు పుస్తకంలో నష్టం కనిపిస్తుంది. ఆ పద్దుల్లో ఏది అసలు నష్టం, ఏది కాగితం నష్టం అన్నది ఒక వాదన. జట్టు కొనడానికి చేసిన అప్పు మీద వడ్డీని ఆటగాళ్ల ముందు పెట్టే నష్టాల లెక్కలో కలపవచ్చా అన్నది ఇంకో వాదన. నేను లెక్కల మనిషిని కాను గానీ, సంతలో ఏం జరుగుతోందో చూడటానికి లెక్కలు రానక్కరలేదు. నష్టాల మాట గట్టిగా వినిపిస్తున్న 2010లోనే గోల్డెన్ స్టేట్ జట్టు 45 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది, అప్పటికి అది లీగ్‌లో రికార్డు ధర. లాకౌట్ ముగిసిన మూడేళ్లకు, 2014లో, జాతివివక్ష వ్యాఖ్యలు చేసినందుకు జీవితకాల నిషేధానికి గురైన యజమాని చేతుల్లోంచి క్లిప్పర్స్ జట్టు 200 కోట్ల డాలర్లకు చేతులు మారింది. నష్టాలొచ్చే సరుకు కోసం ఇంతమంది ఎగబడతారా అన్న ప్రశ్నకు లీగ్ దగ్గర సూటి జవాబు ఎప్పుడూ లేదు.

ఇక 2011లో అసలు పేచీ ఎంతకు? అంతకు ముందు ఒప్పందంలో ఆటగాళ్ల వాటా 57 శాతం. లీగ్ రాబడి అప్పట్లో 380 కోట్ల డాలర్ల పైచిలుకు కాబట్టి ఒక్క శాతం అంటే దాదాపు 4 కోట్లు. యజమానులు సగం సగం అన్నారు, ఆటగాళ్లు 53 దాకా దిగారు. చివరికి 49 నుంచి 51 మధ్య కుదిరింది. ఏడు శాతం చొప్పున లెక్క వేస్తే ఏడాదికి 27, 28 కోట్లు అవుతుంది. యజమానులు చూపిన నష్టం 30 కోట్లు. ఈ రెండు అంకెలు అంత దగ్గరగా రావడం కాకతాళీయమని నేను నమ్మను.

ఇలాంటి పేచీల్లో గెలుపోటములను తేల్చేది వాదనల బలం కాదు, క్యాలెండరు. ఎన్‌బీఏ ఆటగాళ్లకు మామూలుగా సీజన్ తొలి జీతం నవంబరు 15న వస్తుంది. అందువల్ల జూలై నుంచి అక్టోబరు దాకా లాకౌట్ జరిగినా చాలామందికి చేతి నుంచి పోయేదేమీ ఉండదు, నొప్పి తెలిసేది ఆ తేదీ దాటాకే. 1998లో యజమానులు సరిగ్గా దానికోసమే కాచుక్కూర్చున్నారు. లాకౌట్ కాలంలో కూడా హామీ ఉన్న ఒప్పందాల జీతాలు చెల్లించాలని యూనియన్ చేసిన వాదనను అక్టోబరులో మధ్యవర్తి జాన్ ఫీరిక్ తోసిపుచ్చారు. అక్కడితో ఆటగాళ్ల కాళ్ల కింద నేల కదిలింది. అప్పుడే ఈవింగ్, తాము బాగానే సంపాదిస్తాం గానీ ఖర్చులూ అలాగే ఉంటాయన్న అర్థం వచ్చే మాట ఒకటి అని నవ్వులపాలయ్యాడు. ఆ మాటను నేనూ చాలా ఏళ్లు వెటకారానికి వాడుకున్నాను.

2011 నాటి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే వెటకారం తగ్గుతుంది. ఆ ఏడాది కోబీ బ్రయంట్ జీతం 2.52 కోట్ల డాలర్లు, కొత్తగా చేరిన ఆటగాడి కనీస జీతం 4,73,604 డాలర్లు. 82లో 16 మ్యాచ్‌లు పోయాయి కాబట్టి ఇద్దరికీ దాదాపు ఐదో వంతు కోత పడింది. బ్రయంట్‌కు పోయింది 50 లక్షలకు కాస్త తక్కువ, కొత్తవాడికి 92 వేలు. అంకె చూస్తే బ్రయంట్ నష్టమే పెద్దది. కానీ ఎన్‌బీఏలో ఒక ఆటగాడి కెరీర్ సగటున నాలుగైదేళ్లని చెబుతారు, ఆ సగటును కిందికి లాగేది ఈ కనీస జీతగాళ్లే. బ్రయంట్‌కు అది పదహారో సీజన్. కొత్తవాడికి అదే మొదటిదీ, బహుశా చివరిదీ కావచ్చు. అతడి మొత్తం సంపాదనలో ఐదో వంతు పోయినట్టు. యజమాని మాత్రం ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు జట్టును అట్టిపెట్టుకుంటాడు, ఆ ఏడాది పోయింది తర్వాతి ఏడాది రాబట్టుకోగలడు. ఇద్దరిలో ఎవరు ఎంతకాలం ఓపిక పట్టగలరన్నది బల్ల దగ్గర కూర్చోకముందే తేలిపోయిన విషయం.

ఈ తేడా యూనియన్‌ను లోపలి నుంచి కూడా చీలుస్తుంది. 1998-99లో ఒక్క ఆటగాడికి ఇవ్వదగిన జీతానికి తొలిసారిగా గరిష్ఠ పరిమితి వచ్చింది. ఆడిన ఏళ్లను బట్టి అది 90 లక్షల నుంచి 1.4 కోట్ల డాలర్ల దాకా ఉంది. తారల వాటా తగ్గించి మధ్యతరగతి ఆటగాడికి పంచడమే అందులోని మర్మం. ఆటగాళ్లు 179-5 ఓట్లతో దానికి ఒప్పుకున్నారు. లీగ్‌లో తారలు పదిమంది, మిగతావారు నాలుగు వందల మంది అయినప్పుడు ఓట్లు ఎటు పడతాయో చెప్పనక్కరలేదు. దీన్ని యజమానుల గెలుపుగానే చాలామంది రాశారు. తమలో తాము పంచుకోవడం మీద ఆటగాళ్లు చేసుకున్న నిర్ణయంగా కూడా దాన్ని చదవవచ్చు, నాకు ఆ చదువే సరైనదనిపిస్తుంది. ఆ లాకౌట్ ముగిశాక ఫిబ్రవరి 5న సీజన్ మొదలైంది. మూడు నెలల్లో 50 మ్యాచ్‌లు కుక్కడంతో కొన్ని జట్లు వరుసగా మూడు రాత్రులు ఆడాయి. అలసిన కాళ్లతో ఆడిన ఆ బాస్కెట్‌బాల్ చూడటానికి బాగుండేది కాదు. ఒప్పందం కుదిరిన వారానికే జోర్డాన్ విరమణ ప్రకటించాడు.

2011లో ఆటగాళ్లు మరో ఎత్తు వేశారు. బయటివారికి అది ఆత్మహత్యలా కనిపిస్తుంది గానీ అమెరికా చట్టం తెలిసినవారికి అందులో తర్కం ఉంది. యజమానులంతా కలిసి కూర్చుని జీతాలకు హద్దు పెట్టుకోవడం మామూలుగా అయితే పోటీని అణచివేసే చర్య, చట్టవిరుద్ధం. యూనియన్‌తో బేరమాడి కుదుర్చుకున్నది కాబట్టే దానికి మినహాయింపు ఉంది. అంటే యజమానులకు రక్షణ కవచం యూనియనే! అది లేకపోతే ఆ కవచం ఊడిపోతుంది. నవంబరు 14న యూనియన్ తాను ఇకపై ఆటగాళ్ల తరఫున బేరమాడబోనని ప్రకటించి తప్పుకుంది. మరునాడే ఆటగాళ్లు విడివిడిగా కోర్టుకెక్కారు. కాలిఫోర్నియాలో దావా వేసినవారిలో కెవిన్ డ్యురాంట్, కార్మెలో ఆంథొనీ వంటి తారల సరసన కవాయ్ లెనర్డ్ పేరు కూడా ఉంది. అతడు అప్పటికి ఎన్‌బీఏలో ఒక్క నిమిషం కూడా ఆడలేదు. ఇది ఒట్టి బేరసారాల ఎత్తు అని కమిషనర్ డేవిడ్ స్టెర్న్ కొట్టిపారేశాడు. అయినా రెండు వారాలు తిరక్కుండానే, నవంబరు 26 తెల్లవారుజామున, న్యూయార్క్‌లో పదిహేను గంటల చర్చ తర్వాత స్టెర్న్, యూనియన్ నాయకుడు బిల్లీ హంటర్ పక్కపక్కన నిలబడి రాజీ కుదిరిందని చెప్పారు. రద్దయిన యూనియన్ మళ్లీ పుట్టింది, దావాలు వెనక్కి వెళ్లాయి, క్రిస్మస్ రోజున సీజన్ మొదలైంది.

ఈ హడావిడిలో ఎవరూ పట్టించుకోని మనుషులు ఇంకొందరు ఉన్నారు. స్టేడియంలో సీటు చూపించేవారు, తినుబండారాలు అమ్మేవారు, పార్కింగ్‌లో నిలబడేవారు. మ్యాచ్ ఉంటేనే వారికి ఆరోజు కూలి, రద్దయిన మ్యాచ్‌కు వారికి ఏ ఒప్పందమూ పరిహారం ఇవ్వదు. 2011 జూలైలో లీగ్ తన కార్యాలయంలో వందకు పైగా ఉద్యోగులను కూడా తొలగించింది, దానికీ లాకౌట్‌కూ నేరుగా సంబంధం లేదని చెప్పింది.

ఆటగాళ్లు 2011లో ఓడిపోయారనే అప్పట్లో అందరూ అన్నారు. శాతంలో చూస్తే నిజమే. అయితే 2014లో లీగ్ తొమ్మిదేళ్లకు 2,400 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం చేసుకునేసరికి, తగ్గిన వాటాకే కళ్లు తిరిగే డబ్బు వచ్చింది. శాలరీ క్యాప్ 2015-16లో 7 కోట్లు, 2016-17లో ఏకంగా 9.41 కోట్లు. ఆ పెంపును కొన్నేళ్ల మీద మెల్లగా పరుద్దామని లీగ్ అడిగితే, మిషెల్ రాబర్ట్స్ నాయకత్వంలోని యూనియన్ కాదంది. ఆ వేసవిలో ఒప్పందం ముగిసిన మామూలు ఆటగాళ్లు కూడా ఊహించని జీతాలు పట్టుకెళ్లారు, గోల్డెన్ స్టేట్‌కు డ్యురాంట్‌ను తెచ్చుకునేంత చోటు దొరికింది. ఆ ఏడాది ఒప్పందం ముగియనివాడి దురదృష్టం అతడిది. 2025-26కు వచ్చేసరికి క్యాప్ 15.46 కోట్లు. డబ్బు ఇలా పారుతున్నంత కాలం తాళం తీయడం, వేయడం ఎవరికీ లాభం కాదు. 2017 ఒప్పందం, 2023 ఒప్పందం రెండూ గొడవ లేకుండా కుదరడానికి కారణం ఇరుపక్షాల మంచితనం కన్నా ఆ పారుదలే అనుకుంటాను.

మధ్యలో 2020 ఆగస్టు 26న జరిగింది మాత్రం ఈ లెక్కలకు లొంగదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషాలో జేకబ్ బ్లేక్ అనే నల్లజాతీయుడిపై పోలీసు కాల్పులకు నిరసనగా మిల్వాకీ జట్టు ప్లేఆఫ్ మ్యాచ్ ఆడటానికి కోర్టులోకి రాలేదు. ఒప్పందం ప్రకారం సమ్మె నిషిద్ధం. యూనియన్ పిలుపు కూడా లేదు. అయినా మిగతా జట్లూ ఆగిపోయాయి. మూడు రోజుల తర్వాత ఆట తిరిగి మొదలైంది, వాయిదా పడిన మ్యాచ్‌లన్నీ జరిగాయి. యజమానులు ఎవరినీ శిక్షించలేదు. ఆటగాళ్లు నిజంగా పని ఆపిన ఆ ఒక్కసారీ వారు అడిగింది డబ్బు కాదు.

2024 నాటికి ఆ శాతాల తగవు మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏకు చేరింది. పురుషులకు రాబడిలో సగం వాటా వస్తుంటే, మహిళలకు అప్పట్లో అందుకు దరిదాపుల్లో కూడా లేదు. 2024లో ఆ లీగ్‌కు ఎన్నడూ లేనంతమంది టీవీ ప్రేక్షకులను తెచ్చిన కెయిట్లిన్ క్లార్క్ మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. ఆ అక్టోబరులోనే క్రీడాకారిణుల యూనియన్ పాత ఒప్పందం నుంచి ముందుగానే తప్పుకుంది. మరుసటి ఏడాది జూలై 19న ఇండియానాపొలిస్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ముందు అందరూ ఒకే రకం నల్ల టీషర్టులు వేసుకుని వార్మప్‌కు వచ్చారు. మాకు బాకీ ఉన్నది మాకు చెల్లించండి అన్నది వాటి మీది రాత. 1964లో వారి పూర్వీకులు డ్రెస్సింగ్ రూమ్ తలుపు మూసుకుని లోపల కూర్చున్నారు, వీరు కోర్టు మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. మ్యాచ్ ముగిశాక ఉత్తమ క్రీడాకారిణి ట్రోఫీని యూనియన్ ఉపాధ్యక్షురాళ్లలో ఒకరైన నఫీసా కొలియర్‌కు కమిషనర్ క్యాథీ ఎంగెల్‌బర్ట్ అందిస్తుంటే, గ్యాలరీల్లోంచి ఒక కేక మొదలై స్టేడియమంతా పాకింది. వారికి డబ్బు చెల్లించండి, చెల్లించండి అని జనం అరుస్తుండగా ట్రోఫీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది.